సీసీ తగ్గింది, భారం ఎటు పోయింది? పికప్ ట్రక్కుల చిన్న ఇంజిన్ల చరిత్ర

జీఎస్ పేపర్-3లో పర్యావరణం, పన్నులు, పరిశ్రమలు అని మూడు వేర్వేరు అధ్యాయాలుగా చదువుకుంటాం. మెయిన్స్ ప్రశ్న మాత్రం మూడింటినీ ఒకేచోట కలిపి అడుగుతుంది. ఆ మూడూ నిజంగా కలిసే వస్తువు ఒకటి మన వీధిలోనే ఉంది. అది సరుకు మోసే పికప్ బండి బానెట్ కింద ఉన్న ఇంజిన్.

గత పదేళ్లలో ఆ ఇంజిన్ చాలా బండ్లలో చిన్నదైంది. మూడు లీటర్ల చోట రెండుంపావు లీటర్లు, రెండున్నర చోట రెండు లోపు వచ్చాయి. శక్తి మాత్రం తగ్గలేదు, చాలాచోట్ల పెరిగింది. ఇదంతా ఇంజనీర్ల ప్రతిభే అనుకుంటే సగమే అర్థమైనట్టు. మిగతా సగం చట్టంలో ఉంది. ప్రభుత్వం దేన్ని కొలిచి పన్ను వేసిందో, దేన్ని కొలిచి పరిమితి పెట్టిందో, ఇంజిన్ ఆ దిక్కుకే మారింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు టర్బో అంటే ఏమిటి?

సివిల్, ఆర్ట్స్ నేపథ్యం ఉన్న మిత్రుల కోసం రెండు ముక్కలు. ఇంజిన్‌లో ఎంత ఇంధనం మండించగలమన్నది లోపలికి ఎంత గాలి వెళ్తుందన్న దానిపై ఆధారపడుతుంది. ఎక్కువ గాలి కావాలంటే రెండు దారులు. ఒకటి, సిలిండర్ పెద్దది చేయడం. రెండు, అదే సిలిండర్‌లోకి గాలిని ఒత్తి పంపడం. రెండో పని చేసేదే టర్బోఛార్జర్. వృథాగా బయటికి పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఉన్న మరో చక్రం గాలిని లోపలికి నెడుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. పారేసే శక్తిని తిరిగి పనిలో పెట్టడమే దీని సారం.

ఈ ఆలోచన కొత్తది కాదు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే పేటెంట్ తీసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రెంచ్ ఇంజనీరు ఆగస్ట్ రాటో విమాన ఇంజిన్లకు టర్బో అమర్చే పని చేశారు. ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి విమానాలకు దాని అవసరం ముందొచ్చింది. 1920లలో ఓడల డీజిల్ ఇంజిన్లకు వచ్చింది. టర్బోతో వచ్చిన తొలి డీజిల్ కారు 1978 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌డీ. 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్ ఇంధన వ్యవస్థ కార్లలోకి వచ్చింది. ఇంధనాన్ని చాలా ఎక్కువ ఒత్తిడితో, కంప్యూటర్ చెప్పిన క్షణంలో, చెప్పినంత చిమ్మే పద్ధతి ఇది. టర్బో, కామన్ రైల్ రెండూ కలిశాకే చిన్న డీజిల్ ఇంజిన్‌తో పెద్ద పని చేయించడం సాధ్యమైంది.

అంటే సాధనం 1997 నాటికే సిద్ధంగా ఉంది. మన పికప్ బండ్లలో ఇంజిన్ చిన్నదవడం మాత్రం అందుకు ఇరవై ఏళ్ల తర్వాతే జోరందుకుంది. ఎందుకు?

జహీరాబాద్ నుంచి శ్రీసిటీ దాకా

తెలుగు నేలపై ఈ కథకు రెండు మజిలీలున్నాయి. మొదటిది జహీరాబాద్. 1980లలో కేంద్రం తేలికపాటి వాణిజ్య వాహనాల రంగంలో జపాన్ సంస్థల సహకారాన్ని అనుమతించింది. దేశంలో నాలుగు జంటలు పుట్టాయి. డీసీఎం-టొయోటా, ఐషర్-మిత్సుబిషి, స్వరాజ్-మాజ్దా, ఆల్విన్-నిస్సాన్. నాలుగోది మనది. ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలతో ఇంటింటికీ తెలిసిన హైదరాబాద్ ఆల్విన్, నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న ట్రక్కుల తయారీ మొదలుపెట్టింది. కొన్నేళ్లకే ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లింది. నేటికీ అక్కడ మహీంద్రా వాహనాలు తయారవుతున్నాయి. ప్రిలిమ్స్‌కు ఈ నాలుగు జంటలూ గుర్తుపెట్టుకోండి. 1991 సంస్కరణలకు ముందే తలుపు కొంచెం తెరుచుకుందని చెప్పడానికి మంచి ఉదాహరణ.

రెండోది శ్రీసిటీ. అప్పటి చిత్తూరు, ఇప్పటి తిరుపతి జిల్లాలో, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న పారిశ్రామిక నగరం. 2016 ఏప్రిల్‌లో ఇసుజు అక్కడ పికప్ ట్రక్కుల కర్మాగారం ప్రారంభించింది. అక్కడి నుంచి వచ్చిన డీ-మ్యాక్స్ వీ-క్రాస్ అంకెలు చూడండి.

2016లో: 2499 సీసీ టర్బో డీజిల్, 136 పీఎస్ శక్తి, 320 న్యూటన్ మీటర్ల టార్క్.
2021లో, బీఎస్-6 తర్వాత: 1898 సీసీ టర్బో డీజిల్, 163 పీఎస్, 360 న్యూటన్ మీటర్లు.

పరిమాణం దాదాపు 24 శాతం తగ్గింది. శక్తి దాదాపు 20 శాతం పెరిగింది. ఇక్కడ ఒక మెలిక కూడా ఉంది. అదే సంస్థ సరుకు రవాణా కోసం అమ్మే బీఎస్-6 డీ-మ్యాక్స్‌లో మాత్రం 2499 సీసీ ఇంజిన్ (ఇది వేరే రకం) కొనసాగింది. దాని శక్తి 78 పీఎస్ మాత్రమే, టార్క్ 176 న్యూటన్ మీటర్లు. ఖరీదైన బండికి చిన్న ఇంజిన్, కూలి బండికి పెద్ద ఇంజిన్! ‘పెద్ద ఇంజిన్ అంటే ఎక్కువ శక్తి, ఎక్కువ విలాసం’ అన్న మన లెక్క ఇక్కడ తలకిందులైంది. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

టాటా బండ్లలో కూడా ఇదే మార్పు. ఊరూరా తిరిగిన టాటా 207 డీఐలో 2956 సీసీ ఇంజిన్. దాని వారసుడైన యోధ 2017లో బీఎస్-4లో దాదాపు మూడు లీటర్ల ఇంజిన్‌తోనే 85 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. బీఎస్-6 వచ్చాక 2179 సీసీతో 100 హార్స్‌పవర్, అదే 250 న్యూటన్ మీటర్లు.

చట్టం ఏది కొలిస్తే అది మారుతుంది

ఇప్పుడు పన్నుల వైపు వద్దాం. 2006-07 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే ఏమిటో కూడా నిర్వచించారు. పొడవు 4 మీటర్ల లోపు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు. 2008 జూన్‌లో 1500 సీసీ దాటిన కార్లపై 15,000 రూపాయలు, 2000 సీసీ, ఆపైన ఉన్నవాటిపై 20,000 రూపాయల అదనపు సుంకం వచ్చింది. 2017లో జీఎస్టీ వచ్చినా 2006 నాటి గీత చెరగలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రేట్లలో చిన్న కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం. గీత మాత్రం అదే 1200, 1500, 4 మీటర్లు.

సరుకు వాహనాలకు ఈ సీసీ గీత వర్తించలేదు. జీఎస్టీలో సరుకు మోసే బండికి ఇంజిన్ పరిమాణంతో సంబంధం లేకుండా 28 శాతం ఉండేది, 2025లో 18కి తగ్గింది.

దీని ఫలితం చూడాలంటే బొలెరో చాలు. ఒకే పేరు, రెండు రూపాలు. మనుషులు ఎక్కే బొలెరోలో 2523 సీసీ ఇంజిన్ ఉండేది. 2016 సెప్టెంబర్‌లో బొలెరో పవర్ ప్లస్ వచ్చింది. బండి పొడవు 4 మీటర్ల లోపుకు కుదించారు, ఇంజిన్ 1493 సీసీ అయింది. రెండు అంకెలూ పన్ను గీతకు సరిగ్గా కింద! శక్తి తగ్గలేదు, 63 పీఎస్ నుంచి 71 పీఎస్‌కు పెరిగింది. అదే సమయంలో సరుకు మోసే బొలెరో పికప్ మాత్రం 2523 సీసీతోనే నడిచింది, బీఎస్-6 పరీక్ష కూడా ఆ పరిమాణంతోనే దాటింది. ఒకే సంస్థ, ఒకే ఇంజనీర్లు, ఒకే దేశపు డీజిల్. పన్ను గీత ఉన్నచోట ఇంజిన్ కుదించుకుంది, లేనిచోట కుదించుకోలేదు. విధాన ప్రభావానికి ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఢిల్లీ ఉదంతం మరో పాఠం. ఎం.సి. మెహతా కేసులో 2015 డిసెంబర్ 16న సుప్రీంకోర్టు జాతీయ రాజధాని ప్రాంతంలో 2000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ కార్లు, ఎస్‌యూవీల రిజిస్ట్రేషన్ ఆపేసింది. ఉద్దేశం గాలి శుభ్రం చేయడం. కొలత మాత్రం సీసీ. మరుసటి నెలలోనే మహీంద్రా 2179 సీసీ ఇంజిన్ స్థానంలో 1.99 లీటర్ల ఇంజిన్‌తో స్కార్పియోను, ఎక్స్‌యూవీ 500ను తెచ్చింది. గీతకు వెంట్రుకవాసి కింద. 2.2 లీటర్ల బండి వెళ్లి 1.99 లీటర్ల బండి వస్తే ఢిల్లీ ఊపిరితిత్తులకు తేడా ఎంత? 2016 ఆగస్టు 12న కోర్టు ఆ ఆంక్ష ఎత్తేసి, ఎక్స్-షోరూమ్ ధరపై ఒక శాతం పర్యావరణ రుసుము వేసింది.

పొగను నేరుగా కొలిచినప్పుడు

భారత్ స్టేజ్ ప్రమాణాలు సీసీ అడగవు. పొగ గొట్టం నుంచి ఏమొస్తుందో అడుగుతాయి. 2003లో మషేల్కర్ కమిటీ నివేదికతో వచ్చిన ఆటో ఇంధన విధానం ఈ దారికి పునాది. బీఎస్-4 దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దానికి మూడు రోజుల ముందు, మార్చి 29న, బీఎస్-3 బండ్ల అమ్మకాన్ని సుప్రీంకోర్టు నిషేధించింది. అప్పటికి అమ్ముడుపోకుండా ఉన్నవి 8.24 లక్షల బండ్లు. అంతకుముందే, 2016 జనవరిలో, బీఎస్-5ను వదిలేసి నేరుగా బీఎస్-6కు దూకాలని కేంద్రం నిర్ణయించింది. 2020 ఏప్రిల్ 1న అది అమలైంది.

దూకుడు ఎంతో చూడండి. డీజిల్ కార్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 0.25 గ్రాముల నుంచి 0.08 గ్రాములకు పడింది. సూక్ష్మ కణాలు 0.025 నుంచి 0.0045 గ్రాములకు. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు. బరువైన పికప్‌లకు అంకెలు కాస్త సడలింపుగా ఉన్నా దిశ ఒక్కటే.

ఈ ప్రమాణం ఇంజిన్ చిన్నదవాలని ఎక్కడా చెప్పలేదు. ఐనా చాలా పాత పెద్ద ఇంజిన్లు వెళ్లిపోయాయి. పాత తరం ఇంజిన్ ఒక్కోదానికీ కొత్త ఇంధన వ్యవస్థ, మసి వడపోత, సెన్సర్లు అమర్చి మళ్లీ ధ్రువీకరణ తెచ్చుకోవడం ఖర్చుతో కూడిన పని. ఎలాగూ ఖర్చు పెట్టాలి కాబట్టి, నాలుగైదు బండ్లకు పనికొచ్చే ఆధునిక ఇంజిన్ ఒకటి పెట్టుకోవడం సంస్థకు లాభం. టాటా 2.2 లీటర్లకు, ఇసుజు 1.9 లీటర్లకు మారడాన్ని ఈ వెలుగులో చదవండి. అదే సమయంలో 2523 సీసీ బొలెరో పికప్, 2499 సీసీ డీ-మ్యాక్స్ కూడా పరీక్ష దాటాయి. పొగను కొలిచిన చట్టం పొగను తగ్గించింది, పరిమాణాన్ని తయారీదారుకే వదిలేసింది.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటి ఉంది. కార్పొరేట్ సగటు ఇంధన సామర్థ్య నిబంధనలు (2017-18 నుంచి కిలోమీటరుకు 130 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 2022-23 నుంచి 113 గ్రాములు) మనుషుల్ని మోసే వాహనాలకే వచ్చాయి. కాబట్టి సరుకు పికప్‌ల మార్పుకు వాటిని కారణంగా రాయకండి. అమెరికాలో పరిస్థితి వేరు. 1973 చమురు సంక్షోభం తర్వాత 1975లో తెచ్చిన చట్టం కింద పికప్‌లకూ మైలేజీ లక్ష్యాలున్నాయి. 2011 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150లో వీ8 ఇంజిన్ల పక్కనే 3.5 లీటర్ల టర్బో వీ6 వచ్చింది. 2022 మోడల్ టొయోటా టండ్రాలో వీ8 పూర్తిగా పోయింది. ఒకే యంత్ర మార్పు, కానీ అక్కడ తోసింది మైలేజీ చట్టం, ఇక్కడ తోసింది పొగ చట్టం.

భారం ఎటు పోయింది?

ఇంజిన్ చిన్నదై పని అంతే చేస్తే, ఆ భారం ఎవరో ఒకరు మోయాలి కదా. ఇంజనీరింగ్‌లో దీనికి ఒక కొలత ఉంది. పిస్టన్‌పై సగటున పడే ఒత్తిడి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌కు టార్క్‌ను 4π తో గుణించి, సిలిండర్ల పరిమాణంతో భాగిస్తే వస్తుంది. పై అంకెలతో నేను వేసిన లెక్క ఇది.

పాత వీ-క్రాస్, 2.5 లీటర్లు: దాదాపు 16 బార్.
కొత్త వీ-క్రాస్, 1.9 లీటర్లు: దాదాపు 24 బార్.
యోధ మూడు లీటర్లు: 10.6 బార్. యోధ 2.2 లీటర్లు: 14.4 బార్.
సరుకు డీ-మ్యాక్స్, 2.5 లీటర్లు: 9 బార్ లోపు.

ఇందాకటి మెలిక ఇప్పుడు విడిపోతుంది. కూలి బండిలో పెద్ద ఇంజిన్‌ను నెమ్మదిగా, తక్కువ ఒత్తిడితో నడిపిస్తున్నారు. ఖరీదైన బండిలో చిన్న ఇంజిన్‌ను గట్టిగా పిండుతున్నారు. రెండూ తప్పు కాదు, అవసరాలు వేరు. గట్టిగా పిండే ఇంజిన్ బాగా బతకాలంటే సరైన గ్రేడు ఆయిలు వేళకు మార్చాలి, ఇంధనం శుభ్రంగా ఉండాలి, సెన్సర్ చెప్పింది వినే మెకానిక్ ఉండాలి. లోహంలో ఉన్న భద్రత నిర్వహణలోకి మారింది. ఫ్యాక్టరీ మోసిన భారంలో కొంత యజమాని మీదికి వచ్చింది.

నేనుండే పుదుచ్చేరి నటేశన్ నగర్‌లో తెల్లారేసరికి కూరగాయల పికప్‌లు, నీళ్ల క్యాన్ల బండ్లు వరస కడతాయి. వాటిలో ఒకటి నడిపే ఆయనది మా యానాం వైపే. బీఎస్-6 బండి ఎలా ఉందని అడిగితే ఆయన చెప్పింది ఇది: “లాగుడుకేం తక్కువ లేదు తమ్ముడూ. పాత బండైతే రోడ్డు పక్కనే నేనే విప్పేసేవోణ్ణి. ఇప్పుడు లైటు వెలిగిందంటే లాప్‌టాప్ పెట్టాల్సిందే. బండి రెండ్రోజులు ఆగుద్ది, కిస్తీ ఆగదుగా.”

ఆ లైటు వెనక సాంకేతిక కారణం ఉంది. మసి వడపోతలో చేరిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, దాదాపు 550 నుంచి 600 డిగ్రీలు. హైవే మీద సాగే బండికి అది సులువు. వీధి వీధికీ ఆగుతూ, రెండు మూడు కిలోమీటర్ల ట్రిప్పులు కొట్టే బండికి ఆ వేడి అందదు. అంటే ఊళ్లో తిరిగే చిన్న యజమానికే ఇబ్బంది ఎక్కువ. ఆ వీధిలో పొగ తగ్గడం వల్ల లాభపడేది మాత్రం అందరం. లాభం అందరికీ, ఖర్చు కొందరికీ. పర్యావరణ ఆర్థిక శాస్త్రంలో మనం చదివే అసలు చిక్కు ఇదే.

దీనికి జవాబు బీఎస్-6ను తిట్టడం కాదు. ఆ పొగ పీల్చేది కూడా రోజంతా రోడ్డు మీద ఉండే ఆ డ్రైవరే. జవాబు పక్క ఏర్పాట్లలో ఉంది. ఐటీఐల్లో కొత్త ఇంజిన్ల శిక్షణ, వీధి మెకానిక్‌కు కూడా అందుబాటులో ఉండే పరీక్ష పరికరాలు, ఊళ్లో చిన్న ట్రిప్పులకు విద్యుత్ బండ్లు, కొనేముందు యజమానికి తన పనికి ఏ ఇంజిన్ సరిపోతుందో చెప్పే సమాచారం. ఇంధనం మార్చడానికి ప్రభుత్వం చమురు శుద్ధి కర్మాగారాలకు గడువు పెట్టింది. మెకానిక్ చేతిని మార్చడానికి అలాంటి గడువు ఎవరూ పెట్టలేదు.

జవాబులో ఎలా వాడుకోవాలి?

ఒకటి, ప్రతినిధి కొలతకూ అసలు కొలతకూ తేడా చూపండి. సీసీ, పొడవు ప్రతినిధి కొలతలు. వాటి మీద గీత గీస్తే తయారీదారు గీతకు కాస్త కింద ఆగుతాడు. బొలెరో పవర్ ప్లస్, 1.99 లీటర్ల స్కార్పియో సాక్ష్యాలు.

రెండు, ఫలితాన్ని నేరుగా కొలిచే నిబంధన ఎక్కువ పని చేస్తుంది, దారి ఎంచుకునే స్వేచ్ఛ కూడా ఇస్తుంది. బీఎస్-6 సాక్ష్యం. 2023 ఏప్రిల్ నుంచి ప్రయోగశాలలోనే కాక రోడ్డు మీద కూడా పొగ కొలవడం మొదలైందని ఇక్కడే రాయండి.

మూడు, ఏ నిబంధనకైనా ఖర్చు ఎవరి జేబు నుంచి వెళ్తుందో ఒక వాక్యం రాయండి. పరిపాలన దృష్టి ఉన్న జవాబుకూ, బట్టీ పట్టిన జవాబుకూ అక్కడే తేడా తెలుస్తుంది.

రేపు మనలో ఒకరు రవాణా శాఖలోనో, ఆర్థిక శాఖలోనో కూర్చుని ఒక ఫైలు మీద ఇలాంటి గీత గీయాల్సి రావచ్చు. అప్పుడు ‘ఈ అంకె దేన్ని కొలుస్తోంది?’ అని ముందు అడగండి. ‘దీనికి ఒక్క అంగుళం కింద ఏం నిలబడుతుంది?’ అని తర్వాత అడగండి.

సాధన ప్రశ్న (250 పదాలు): “వాహన కాలుష్య నియంత్రణలో ఇంజిన్ పరిమాణం ఆధారిత నిబంధనల కన్నా ఉద్గారాల ఆధారిత నిబంధనలు మేలు. కానీ వాటి భారం సమానంగా పంపిణీ కాదు.” భారతదేశ అనుభవంతో చర్చించండి.